కోసేయబోయే పంటికి రూట్ కెనాల్ ఎందుకు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

మా అమ్మగారికి 66 ఏళ్ళు. పైదవడలో పళ్ళన్నీ పోయి ఆరేళ్ళుగా సెట్టు వాడుతున్నారు. కిందిదవడలో మిగిలినవి రెండు కోరపళ్ళు, కుడివైపు బాగా కదులుతున్న ఒక దవడపన్ను మాత్రమే. మా ఊళ్ళో చూపిస్తే మూడింటినీ తీసేసి కింద కూడా పూర్తి సెట్టు పెడదామన్నారు. బరంపురంలో చూపిస్తే, దవడపన్ను తీసినా కోరపళ్ళను మాత్రం తీయవద్దని, వాటికి రూట్ కెనాల్ చేసి, చిగురు దాకా కోసి, ఆ మొదళ్ళ మీద సెట్టు కూర్చోబెడతామని చెప్పారు. డాక్టరుగారు ఒడియాలో వివరించినదంతా నేను అమ్మకు తెలుగులో చెప్పాను గాని, "కోసేసే పంటికి అంత ఖర్చెందుకురా, పీకించేస్తే పోదా?" అన్న ఆవిడ మాటకు జవాబు దొరకలేదు. ఆవిడకు షుగరు ఉంది, మందులతో అదుపులో ఉంటోంది. పొద్దున్నే గుడాకుతో (పొగాకు ముద్దతో) పళ్ళు తోముకునే అలవాటు ఇంకా మానలేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (బరంపురంలో దంతవైద్యుణ్ణి)

మీ అమ్మగారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. పన్ను పీకితే పోయేది పన్ను ఒక్కటే కాదు, దాన్ని పట్టుకుని ఉన్న ఎముక కూడా పని లేక ఏటేటా కరుగుతూ వస్తుంది. పూర్తి సెట్లు వాడేవారిని 25 ఏళ్ళపాటు గమనించి టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన పరిశీలనలో, దవడ ముందుభాగపు ఎముక పైన తరిగినదానికి దాదాపు నాలుగింతలు కింద తరిగినట్టు తేలింది. పై సెట్టుకు అంగిలి పట్టు ఉంటుంది, కిందిదానికి ఆ పట్టు లేకపోగా నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. కోరపళ్ళ మొదళ్ళు ఉంచినవారిలో ఐదేళ్ళకు కిందిదవడ ముందుభాగం సగటున 0.6 మి.మీ. మాత్రమే తగ్గగా, అన్నీ తీయించుకున్నవారిలో 5.2 మి.మీ. తగ్గిందని క్రమ్, రూనీ 1978లో చూపించారు.

ఇక కోయడం ఎందుకంటారా, పొడుగ్గా ఉన్న పంటి మీద పక్కనుంచి పడే బలం దాన్ని పాతిన గుంజను ఊపినట్టు ఊపుతుంది. చిగురు పైన ఒకటి రెండు మి.మీ. మాత్రమే ఉంచి గుండ్రంగా నున్నన చేస్తే ఆ బలం వేరు వెంట నిలువుగా దిగుతుంది. కాస్త కదిలే పన్ను కూడా కోశాక గట్టిపడటం మేము చూస్తూనే ఉంటాం. అంత కిందికి కోస్తే లోపలి నరం బయటపడుతుంది కనుక ముందుగా రూట్ కెనాల్ అవసరమవుతుంది. వేరు చుట్టూ ఉండే పలుచని పొర మిగిలి ఉంటుంది కాబట్టి, ఎంత గట్టిగా కొరుకుతున్నదీ మీ అమ్మగారికి తెలుస్తుంది.

వేర్ల చుట్టూ తగినంత ఎముక ఉందో లేదో ఎక్స్‌రేలో చూసుకున్నాకే ఇదంతా. గుడాకు మానాలి, ఎందుకంటే అందులోని పొగాకు చిగుళ్ళను పాడుచేస్తుంది. మన వైపు కొందరు ఆడవారికి నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు కూడా ఉంటుంది. అది గనక ఉంటే సెట్టు సంగతి తరువాత, ముందు అంగిలిని పరీక్ష చేయించండి, అక్కడ క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉంటుంది.

జవాబు 2 (గుణుపురం, విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి)

నేను ఇటువంటి సెట్టునే తొమ్మిదేళ్ళుగా వాడుతున్నాను. నా తప్పు ఒకటి చెబుతాను. సెట్టు మూసే ఉంచుతుంది కదా, ఇక పుచ్చేదేముందని అనుకుని, మొదళ్ళను బ్రష్‌తో తోమడం మానేశాను. రెండేళ్ళు తిరగకుండానే ఎడమవైపుది చిగురు అంచున పుచ్చి తీయవలసి వచ్చింది. మూత కింద లాలాజలం సరిగా ఆడదట, అందువల్ల పాచి పట్టి తొందరగా పుచ్చుతుందట. ఇప్పుడు కుడివైపు మొదలును రోజూ మెత్తని బ్రష్‌తో తోముతాను, డాక్టరు ఇచ్చిన ఫ్లోరైడ్ జెల్‌ను సెట్టులో మొదలు కూర్చునే గుంటలో ఒక చుక్క వేస్తాను, రాత్రి సెట్టు తీసి నీళ్ళలో ఉంచుతాను. ఒక్క మొదలుతోనే సెట్టు ఇంకా కదలకుండా నిలుస్తోంది. జంతికలు మాత్రం ఇప్పటికీ విరిచి తినవలసిందే.

జవాబు 3 (రాయగడ, దంతాల ల్యాబులో పనిచేస్తాను)

సెట్టు చేసేవాడిగా ఒక మాట. మొదలు మీద లోహపు టోపీ పెట్టాక దానిపైన అక్రిలిక్ (సెట్టు చేసే ప్లాస్టిక్) పలచబడుతుంది, సెట్లు తరచుగా పగిలేది సరిగ్గా అక్కడే. మొదళ్ళను ఎత్తుగా వదిలేసి మాకు అచ్చు పంపితే మేము చేయగలిగింది ఏమీ ఉండదు. లోపల లోహపు జాలీ వేయమని డాక్టరుగారిని ముందే అడగండి. ఇంకా గట్టి పట్టు కావాలంటే మొదలుకు గుండీ లాంటి అమరిక బిగించి, సెట్టులో దాని జోడు పెట్టవచ్చు. కాకపోతే లోపలి నైలాన్ చుట్టు అరిగినప్పుడల్లా మార్పించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అడ్డపొగ అలవాటు ఆవిడకు లేదు. మాస్టారు రాసినది చదివి వినిపించాక కోరపళ్ళు ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు, గుడాకు సంగతి మాత్రం "చూద్దాంలే" అన్నారు. ఒక చిన్న సందేహం: పాత పై సెట్టును అలాగే ఉంచవచ్చా?

జవాబు 1 (బరంపురం)

ఆరేళ్ళు వాడిన సెట్టులో పళ్ళు అరిగి ఉంటాయి, దాన్ని ఆనుకున్న చిగురూ మారి ఉంటుంది. రెండూ కలిపి కొత్తగా చేయించుకుంటే కొరుకు సరిగ్గా కుదురుతుంది. పాతదాన్ని పారేయకండి, ఎప్పుడైనా కొత్తది పగిలి ల్యాబుకు వెళ్ళినప్పుడు పనికివస్తుంది.