మా మామయ్యగారి ముత్తాత: 1870కి ముందు ఆచూకీ ఎలా?

అట్లాంటా కోడలు: మా వారిది జార్జియా పల్లె ప్రాంతం, పత్తి పొలాల మధ్య పెరిగిన ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం. మామయ్యగారికి ఎనభై దాటాయి. తన ముత్తాత ఎవరి దగ్గర బానిసగా ఉండేవాడో, ఆయన్ని కన్నవాళ్లెవరో తెలుసుకోవాలని ఆయన కోరిక. 1870 జనాభా లెక్కల్లో ముత్తాత దొరికాడు: వయసు 32, వ్యవసాయ కూలీ, ‘రాయలేడు’ అనే గడిలో చిన్న గీత. 1860లో మాత్రం పేరే లేదు. ఇలా వెతికినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అలబామా రావు: 1860లో పేరు దొరకదమ్మా. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే పట్టీ ఉండేది. యజమాని పేరు రాసి, దాని కింద వీళ్ల వయసు, ఆడా మగా, రంగు మాత్రమే రాశారు. అందుకే ముందు యజమాని ఎవరో తేల్చుకోవాలి. 1870 పేజీలో ముందూ వెనకా ఇళ్లు చదవండి. విముక్తి వచ్చాక కూడా చాలామంది ఆ చుట్టుపక్కలే పాలుకు సాగు చేసుకుంటూ ఉండిపోయారు. ఇంటిపేరు కలవలేదని ఎవరినీ పక్కన పెట్టొద్దు. చివరి యజమాని పేరు పెట్టుకోనివాళ్లు చాలామంది ఉన్నారు.

కొలంబియా లక్ష్మి: మా అల్లుడి తరఫువాళ్లది సౌత్ కరోలినా. మాకు బాగా పనికొచ్చింది ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ (విముక్తి పొందినవాళ్ల కోసం పెట్టిన బ్యాంకు) రిజిస్టర్లు, 1865 నుంచి 1874 దాకా. ఖాతా తెరిచేటప్పుడు అమ్మానాన్నలు, తోబుట్టువుల పేర్లు అడిగి రాసుకున్నారు, కొన్నిచోట్ల పాత యజమాని పేరు కూడా. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఇంకో మాట. యజమాని చనిపోయినప్పుడు కోర్టులో వేసిన ఆస్తి జాబితాలు తప్పకుండా చూడాలి. మేం చూసినదాంట్లో మంచాలు, కంచరగాడిదలు, వాటి కిందే మనుషుల పేర్లు, ఎదురుగా డాలర్లలో ధర. తల్లి ఒక వాటాలోకి, పిల్ల ఇంకో వాటాలోకి. మా అల్లుడు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మీ మామయ్యగారికి ముందే చెప్పి, పక్కన కూర్చుని చూపించండి.

సవానా శ్రీను: జార్జియాలో 1867 ఓటర్ల నమోదు పుస్తకాలు ఉన్నాయి, నల్లజాతి మగవాళ్ల పేర్లతో సహా. 1870 కంటే మూడేళ్లు ముందువి కదా, వదలొద్దు.

అట్లాంటా కోడలు: అందరికీ చాలా థ్యాంక్స్. 1870 పేజీలో రెండిళ్ల అవతల ఒక పెద్ద భూస్వామి ఉన్నాడు. 1860 పట్టీలో అతని పేరు కింద 22 ఏళ్ల మగమనిషి ఉన్నాడు. ఇతనే అనుకోవచ్చా?

అలబామా రావు: ఇప్పుడే అనుకోవద్దమ్మా. ఆ వయసువాళ్లు ప్రతి పెద్ద కమతంలోనూ ఉంటారు. ఆ భూస్వామి, అతని మామగారి వీలునామాలు కౌంటీ ప్రొబేట్ కోర్టులో అడగండి. పెళ్లికూతురితో పాటు బానిసల్ని ఇచ్చి పంపడం అప్పట్లో మామూలే. ముత్తాత తమ్ముళ్లు, చెల్లెళ్ల పేర్లు మామయ్యగారికి ఏమైనా గుర్తున్నాయా? జార్జియాలో రాష్ట్రమంతటా మరణ ధ్రువపత్రాలు 1919 నుంచి ఉన్నాయి. వాళ్లలో ఒక్కరు అప్పటిదాకా బతికున్నా, అందులో అమ్మానాన్నల పేర్లు రాసి ఉండొచ్చు.