పట్టు పోచంపల్లి అని చెప్పి ప్రింటు చీర పంపారు, రిటర్న్ కూడా తిరస్కరించారు. ఏం చేయాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)
అందరికీ నమస్కారం. మా ఆడపడుచు సీమంతానికి పెడదామని ఒక పెద్ద షాపింగ్ యాప్‌లో 4,200 పెట్టి చీర తీసుకున్నాను. 'ప్యూర్ సిల్క్ పోచంపల్లి ఇక్కత్, చేనేత' అని రాసి ఉంది. అమ్మింది యాప్ వాళ్లు కాదు, అందులో ఉన్న ఒక సెల్లర్. వచ్చింది చూస్తే జారిపోయే గుడ్డ. తిరగేస్తే వెనక రంగు వెలిసినట్టు ఉంది. 'రంగు నచ్చలేదు' అని రిటర్న్ పెడితే, ఫొటోకీ చీరకీ రంగులో స్వల్ప తేడా సహజమేనంటూ తిరస్కరించారు. ఇప్పుడు సెల్లర్ ఫోన్ చేసి, నేను పెట్టిన ఒక స్టార్ రివ్యూ తీసేస్తే 600 పంపిస్తానంటున్నాడు. రిటర్న్ గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఫాల్ కుట్టించలేదు, ట్యాగు అలాగే ఉంది. డబ్బు యూపీఐతో కట్టాను.

జవాబు (చేనేత ఇంటివాడు, భూదాన్ పోచంపల్లి)
అక్కా, ముందు చీర ఏమిటో తేల్చుకోండి. ఇక్కత్‌లో నేసిన తర్వాత రంగు వేయరు. దారాన్ని రబ్బరు ముక్కలతో, ఎక్కువగా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో, గట్టిగా కట్టి రంగులో ముంచుతాం. మా వైపు దాన్ని చిటికి అంటాం. కట్టిన చోట రంగు అంటదు. అలా రంగులద్దిన దారమే మగ్గం ఎక్కుతుంది కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. గీత గీసినట్టు అంచు ఉంటే అనుమానించాల్సిందే.

వెనక రంగు ఉందో లేదో ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి. ఈమధ్య డిజిటల్ ప్రింట్లు పల్చటి గుడ్డలో వెనక దాకా దిగుతున్నాయి. కొంగు చివర వేలాడే దారాల దగ్గర ఒక పడుగు (నిలువు) పోగు, ఒక పేక (అడ్డం) పోగు లాగి చూడండి. ఇక్కత్ అయితే పోగు చుట్టూ రంగు నిండుగా ఉంటుంది. ప్రింటు అయితే పడుగూ పేకా ఒకదాన్నొకటి కప్పిన చోటల్లా తెల్ల చుక్కలు కనిపిస్తాయి.

ఆ పోగునే పట్టకారతో పట్టుకుని కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. కాగితం కాలిన వాసన వస్తే నూలో విస్కోసో (కర్ర గుజ్జుతో చేసే దారం). వేలాడే పోగులు తప్ప నేత జోలికి వెళ్లకండి, చీర పాడు చేశారని వాళ్లే అంటారు. ఈ పరీక్ష మొత్తం వీడియో తీయండి.

ధర సంగతి కూడా చెప్తాను, ఏమీ అనుకోకండి. 4,200కి మంచి నూలు ఇక్కత్ వస్తుంది. నిండు పట్టు ఇక్కత్ ఆ ధరకి మా ఊళ్లో మగ్గం దగ్గరే రాదు.

జవాబు (ఇంతకుముందు ఒక ఆన్‌లైన్ సెల్లర్ దగ్గర రిటర్న్‌లు చూసినవాడిని)
మేడమ్, మీ రిటర్న్ ఆగింది కారణం దగ్గరే. 'రంగు నచ్చలేదు' అంటే అది మీ ఇష్టాయిష్టాల విషయం, సెల్లర్ వాదించగలడు. 'వివరణలో చెప్పినది కాదు, వేరే వస్తువు వచ్చింది' అనే కారణంతో మళ్లీ పెట్టండి. రెండే వాక్యాలు రాయండి: పేజీలో 'ప్యూర్ సిల్క్, చేనేత, ఇక్కత్' అని ఉంది, వచ్చింది పాలిస్టర్ మీద ప్రింటు. కోపం, బాధ, సీమంతం అక్కడ రాయకండి. చదివే అతనికి రోజుకి అలాంటివి వందలు వస్తాయి.

దానికంటే ముందు, ఇప్పుడే, ఆ పేజీ పూర్తిగా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫిర్యాదు రాగానే కొందరు సెల్లర్లు వివరణ మార్చేస్తారు. కింద చిన్న అక్షరాల్లో 'ఆర్ట్ సిల్క్' (అంటే కృత్రిమ పట్టు), 'ఇక్కత్ ప్రింట్', 'పోచంపల్లి స్టైల్' అని ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి. ఉంటే మీ వాదన కొంత బలహీనపడుతుంది. అయినా పైన పేరులో 'ప్యూర్ సిల్క్' అని పెట్టి కింద ఇంకోటి రాయడం తప్పుదోవ పట్టించడమేనని గట్టిగా అడగొచ్చు.

600 మాత్రం తీసుకోకండి. అది తీసుకుంటే రాజీపడ్డారని చూపిస్తాడు. ఇంకో సంగతి, వాడు యాప్ బయట మాట్లాడుతున్నాడంటే ఆ మాటలు యాప్ వాళ్లకి కనబడకూడదని. 'ఏదైనా యాప్ చాట్‌లో రాయండి' అని ఫోన్ పెట్టేయండి. డబ్బు పంపాలి, పిన్ కొట్టండి అంటే అసలు వద్దు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు
పోగు కాల్చి చూశాను, పూస కట్టింది. పేజీలో ఎక్కడా ఆర్ట్ సిల్క్ అని లేదు. కొత్త కారణంతో పెట్టాను. మళ్లీ తిరస్కరిస్తే? కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకనా?

జవాబు (హన్మకొండ, వినియోగదారుల కేసులు చూస్తుంటాను)
గూగుల్‌లో వెతకవద్దమ్మా. దొంగ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడే ఎక్కువ. యాప్ లోపలి హెల్ప్ నుంచే వెళ్లండి. ఎవరైనా అలా మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

'మేము మధ్యవర్తులం, సెల్లర్‌ని అడగండి' అని యాప్ వాళ్లు చేతులు దులిపేసుకోవడం కుదరదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు తన వేదికలో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోననడానికి సెల్లర్‌కి హక్కు లేదని కూడా అందులోనే ఉంది. ఆ అధికారి చిరునామా సాధారణంగా యాప్ అడుగున ఎక్కడో దాక్కుని ఉంటుంది. ఆర్డర్ నంబరు, స్క్రీన్‌షాట్లు, కాల్చిన వీడియో జతచేసి ఆయనకి మెయిల్ పెట్టండి.

దానికీ కదలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు గానీ ఫిర్యాదును నేరుగా కంపెనీకి పంపుతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి పని అక్కడితోనే అయిపోతుంది.

ఆఖరున జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. సెల్లర్ సూరత్‌లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్ల గడువుంది. 4,200 కోసం అంతదూరం వెళ్లాలా అంటే, నేనైతే ముందు మెయిల్, తర్వాత 1915 చూసి, అప్పుడు ఆలోచిస్తాను.

ప్రశ్న అడిగినవారు
మెయిల్ పెట్టిన తర్వాత రిటర్న్ ఒప్పుకున్నారండీ. రేపు పికప్‌కి వస్తారట. ఏమైనా జాగ్రత్త?

జవాబు (రిటర్న్‌లు చూసినవాడిని)
చీర, ట్యాగు, కవరు మీది స్టిక్కరు అన్నీ కనబడేలా వీడియో తీసి, పికప్ అబ్బాయి ముందే ప్యాక్ చేయండి. యాప్‌లో 'పికప్ పూర్తయింది' అని మారేదాకా అతన్ని పంపకండి. ఖాళీ కవరు వచ్చిందని తర్వాత సెల్లర్ అన్న సందర్భాలు చూశాను.

ఇంకొకరు (ఖమ్మం)
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాదీ ఇలాంటి చీరే, కానీ ఫాల్, పీకో అయిపోయాయి. ఆశ లేదా?

జవాబు (హన్మకొండ)
మామూలు రిటర్న్‌కి ఒప్పుకోరు. కానీ పాలిస్టర్‌ని పట్టు అని అమ్మడం ఫాల్ కుట్టినంత మాత్రాన ఒప్పయిపోదు కదా. రిటర్న్ బటన్ వదిలేసి నేరుగా ఫిర్యాదుల అధికారికి రాయండి. ఫాల్ కుట్టించినట్టు మీరే ముందు చెప్పండి, దాచకండి. బిల్లు మీద ఏమని రాసి ఉందో ఒకసారి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మీ పేరు, చిరునామా చెరిపేసి.