న్యూట్ల ట్యాంకులో సగం నేల కావాలా, నీళ్ళే చాలా? (బడ్జెట్ వంద డాలర్లు)

ఫ్రిస్కో_నాన్న (టెక్సాస్)
అందరికీ నమస్కారం. పక్కింటివాళ్ళు ఇల్లు మారుతూ తమ దగ్గరున్న రెండు చైనీస్ ఫైర్ బెల్లీ న్యూట్లను (బల్లిలా కనిపించే, ఎర్రపొట్ట ఉన్న ఉభయచరాలు) మా అబ్బాయికి ఇచ్చి వెళ్తామంటున్నారు. రెండూ పెద్దవే, ఇక్కడే ఎవరింట్లోనో పుట్టినవి. నెలన్నర టైముంది. వంద డాలర్లు దాటితే ఇంట్లో పర్మిషన్ రాదు.

నా ప్లాన్: 20 గ్యాలన్ల లాంగ్ ట్యాంకు, అంటే పొడవు 30 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 12. మధ్యలో గాజు పలకని సిలికాన్‌తో అతికించి ఒకవైపు మట్టి, నాచు, చిన్న ఫెర్న్ మొక్కలు, రెండోవైపు నాలుగంగుళాల నీళ్ళు. వీడియోల్లో చూస్తే చాలా అందంగా ఉంది. కానీ ఆఫీసులో ఒకాయన "ఆ నేల న్యూట్ల కోసం కాదు, చూసేవాళ్ళ కోసం" అన్నాడు. మీరేమంటారు?

మంచినీళ్ళ_బావి (ఎడిసన్, న్యూజెర్సీ)
నా ఓటు ఆ ఆఫీసాయనకే. ఒక్క లెక్క చూడండి. మీ ప్లాన్‌లో నీళ్ళకి మిగిలేది 15 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 4 లోతు. దాదాపు 12 లీటర్లు. ఆ గాజు పలక లేకుండా ట్యాంకంతా 9 అంగుళాల ఎత్తుకి నింపితే 53 లీటర్లు. ట్యాంకు అదే, ఖర్చు అదే. న్యూట్ల మలం నుంచి, తినకుండా వదిలేసిన పురుగుల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. అదే మోతాదు 12 లీటర్లలో నాలుగు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. పైగా వీటికి చర్మం గుండా కూడా శ్వాస ఆడుతుంది కాబట్టి దెబ్బ నేరుగా తగులుతుంది.

ఈ జాతిలో పెద్దవి చైనా మధ్య, తూర్పు ప్రాంతాల చెరువుల్లో, వరి మళ్ళలో ఎక్కువ కాలం నీళ్ళలోనే ఉంటాయి. నేల అంటే వాటికి అప్పుడప్పుడు ఎక్కి కూర్చునే అరచేయంత జాగా. తేలే కార్క్ బెరడు ముక్క ఒకటి చాలు.

గాజు గోడ ట్యాంకు ఇక్కడ ఒక ఫ్రెండ్ ఇంట్లో చూశాను. గోడ అంచు దగ్గర నాచు నీళ్ళని పీల్చి మట్టిలోకి లాగుతూనే ఉంటుంది. కొన్నాళ్ళకి నేలంతా బురద, అడుగున గాలాడక కుళ్ళిన కోడిగుడ్డు వాసన. న్యూట్లు అటూ ఇటూ తిరిగి ఆ బురదంతా నీళ్ళలోకి మోస్తే ట్యాంకులో టీ డికాషన్ తయారైంది.

పచ్చగడ్డి (కొలంబస్, ఒహాయో)
బావి గారూ, లెక్క సరే. కానీ మీరు సరిగా కట్టని సగం నేల ట్యాంకుని తెచ్చి, చక్కగా కట్టిన నిండు నీళ్ళ ట్యాంకుతో పోల్చారు. నేల కావాలంటే మట్టి నింపాలని ఎవరన్నారు? సీలింగ్ లైట్ల కింద బిగించే తెల్ల ప్లాస్టిక్ గళ్ళ పలక హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. కటింగ్ ప్లయర్‌తో కత్తిరించి పీవీసీ పైపు ముక్కల మీద అరలాగా నిలబెట్టండి. కింద నీళ్ళు, పైన కొబ్బరి పీచు, నాచు. నీళ్ళు పెద్దగా తగ్గవు.

కొత్త ట్యాంకులోకి మార్చినప్పుడు పెద్ద న్యూట్లు కూడా కొన్ని రోజులు నీళ్ళలోకి దిగవు. పెంచినవాళ్ళెవరిని అడిగినా చెప్తారు. జతకట్టే సీజన్‌లో మగది వదలకుండా వెంటపడితే ఆడది తప్పుకోవడానికీ చోటుండాలి. అరచేయంత బెరడు మీద ఎక్కడికి తప్పుకుంటుంది?

మంచినీళ్ళ_బావి
ఆ అర కింద పడిన పురుగు ముక్కని ఎలా తీస్తారు? సైఫన్ ట్యూబ్ అక్కడికి పోదు. ఇంకా ముఖ్యం, ఆ గళ్ళు అరంగుళం పైచిలుకు ఉంటాయి. న్యూట్ తల దూరుతుంది, నడుం దగ్గర ఇరుక్కుంటుంది. అది ఊపిరికి పైకి రావాలి కదా!

పచ్చగడ్డి
గళ్ళ మీద ఫైబర్ గ్లాస్ కిటికీ మెష్ పరచి నైలాన్ టైలతో బిగించాలి. అంచులు కూడా. ఆ మాట రాయకపోవడం నా లోపమే, ఒప్పుకుంటా. సైఫన్ కోసం అర ఒక పక్క పైకి లేచేలా పెట్టుకుంటే సరి.

నగోయా_నుంచి
జపాన్ నుంచి రెండు మాటలు. ఇక్కడ వీటి దగ్గరి బంధువు, ఎర్రపొట్ట న్యూట్ (అకహరా ఇమోరి) హోన్షు, షికోకు, క్యూషు దీవుల్లో వరి మళ్ళ పక్క కాలువల్లో బతుకుతుంది. ఇప్పుడు తగ్గిపోతోందని ప్రభుత్వ రెడ్ లిస్టులో "ముప్పుకు దగ్గర" వర్గంలో చేర్చారు. పెంచేవాళ్ళలో చాలామంది వంద యెన్ల షాపు సరుకుతోనే కానిచ్చేస్తారు: ప్లాస్టిక్ డబ్బా, నాచు గుత్తి, తేలే చిన్న మెట్టు. కాబట్టి వంద డాలర్లు తక్కువేం కాదు.

నేల గొడవ వయసుని బట్టి తేలుతుంది. పిల్లలు మొప్పలు పోగొట్టుకోగానే నీళ్ళు వదిలి బయటికొస్తాయి, ఏడాది రెండేళ్ళు నేల మీదే ఉంటాయి. వాటిని లోతు నీళ్ళలో పడేస్తే మునిగి చచ్చిపోతాయి కూడా. ఫ్రిస్కో గారి దగ్గరికొచ్చేవి పెద్దవి. అందుకే ఈ ఒక్క కేసులో నేను బావి గారి వైపు.

బాబుకి ఒకటి చెప్పండి. వీటి చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది, ఫుగు చేపలో ఉండే విషమే. ముట్టుకుంటే ఏమీ కాదు. కానీ చేతులు కడగకుండా కళ్ళు నులుముకోవడం, నోట్లో వేలు పెట్టుకోవడం కుదరదు. పుల్లతోనో పట్టుకారుతోనో వానపాము ముక్క అందించమనండి, ఆ సరదాయే వేరు. ముక్కు దగ్గర కదిలించగానే తల కొంచెం పక్కకి వాల్చి ఆగుతుంది. తినదేమో అనుకుని చెయ్యి వెనక్కి తీసే లోపు ఠక్కున పట్టి, మిగతా ముక్కని ముందు కాళ్ళతో నోట్లోకి తోసుకుంటుంది.

ఫ్రిస్కో_నాన్న
చాలా థాంక్సండీ. మొక్కలు దట్టంగా పెడితే ఫిల్టర్ అక్కర్లేదంటున్నారు కొందరు. అక్కడ ఓ పాతిక డాలర్లు మిగుల్తాయేమోనని ఆశ.

పచ్చగడ్డి
మిగుల్తాయి. హార్న్‌వర్ట్ నీళ్ళ మీద తేలనివ్వండి, ఎలోడియా గుచ్చండి, మనీ ప్లాంట్ కొమ్మలు వేళ్ళు మాత్రం నీళ్ళలో ఉండేలా అంచుకి తగిలించండి. అమ్మోనియాని, నైట్రేట్‌ని అవే లాగేసుకుంటాయి. మనీ ప్లాంట్ లేని తెలుగిల్లు ఫ్రిస్కోలో ఉందా? అది ఫ్రీ. జావా మాస్, జావా ఫెర్న్, అనూబియాస్‌కి ఎక్కువ వెలుతురు కూడా అక్కర్లేదు, రాయికో కర్రకో దారంతో కట్టేస్తే చాలు. ఫెర్న్, అనూబియాస్ దుంపల్ని మాత్రం ఇసుకలో పాతకండి, కుళ్ళిపోతాయి.

మంచినీళ్ళ_బావి
మొక్కల లిస్టుకి నా ఓటు కూడా. ఫిల్టర్ మానేయడానికి మాత్రం కాదు. మొక్క కుదురుకునే దాకా తాగదు, ఒక్కోసారి ఆకులు రాల్చి తనే అమ్మోనియా పెంచుతుంది. స్పాంజ్ ఫిల్టర్, చిన్న గాలి పంపు కలిపితే ఆ పాతికలోపే వస్తాయి. వేగంగా నీళ్ళు తోసే ఫిల్టర్లు వీటికి పడవు, ఇవి నిదానంగా ఈదేవి. స్పాంజ్‌లో పెరిగే బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అది స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. మీ నెలన్నర దానికే సరిపోతుంది, కాబట్టి ట్యాంకు ఈ వారమే నింపండి.

షాపు మొక్కల మీద నత్తలు చావడానికి రాగి మందు కొట్టి ఉండొచ్చు. రాగి వీటికి విషం. కొన్నాళ్ళు బకెట్లో ఉంచి నీళ్ళు మారుస్తూ తర్వాత పెట్టండి. మొక్కల ఎరువు సీసా మీద రాగి పేరుంటే అసలు కొనకండి. అడుగున సన్న ఇసుక వేయండి. గులకరాళ్ళయితే తిండితోపాటు మింగేసి పేగులో అడ్డం పడతాయి.

కూకట్‌పల్లి_అక్వా
అన్నా, హైదరాబాద్‌లో చేయొచ్చా ఇది?

పచ్చగడ్డి
వద్దు తమ్ముడూ. మన రెండు రాష్ట్రాల్లో న్యూట్లు లేనే లేవు. దేశంలో ఉన్నవి డార్జిలింగ్ వైపు హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో, వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. బయటినుంచి తెప్పించినా మే నెలలో నీళ్ళు చల్లబరచడానికి చిల్లర్ కొనాలి. అక్కడితో "తక్కువ ఖర్చు" కథ ముగిసింది. ఇదే ట్యాంకులో ఇవే మొక్కలతో గప్పీలు పెంచు.

మంచినీళ్ళ_బావి
తమ్ముడు అడిగినదే ఫ్రిస్కోకీ వర్తిస్తుంది. ఇంతసేపూ నేల, నీళ్ళు అంటూ కొట్టుకున్నాం గానీ అసలు సమస్య వేడి. వీటికి 16 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ హాయి. 24 దాటి రోజుల తరబడి ఉంటే తిండి మానేస్తాయి, జబ్బులు మొదలవుతాయి. మీ ఇంట్లో వేసవిలో ఏసీ ఎంత మీద పెడతారు?

ఫ్రిస్కో_నాన్న
78. బిల్లు చూస్తే అదే ఎక్కువనిపిస్తుంది.

మంచినీళ్ళ_బావి
78 ఫారెన్‌హీట్ అంటే 25న్నర. అలా అయితే తీసుకోవద్దనే చెప్తాను. చల్లని ఇల్లున్న వేరేవాళ్ళని చూసుకోమనండి.

పచ్చగడ్డి
అంత తీర్పు అక్కర్లేదండీ. నీటి మీదికి గాలి వీచేలా క్లిప్ ఫ్యాన్ పెడితే ఆవిరి వల్లే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. డల్లాస్ వైపు హ్యూస్టన్ అంత ఉక్క ఉండదు, ఏసీ గదిలో గాలి ఇంకా పొడి. ట్యాంకుని కింది అంతస్తులో, ఎండ తగలని గోడవైపు పెట్టండి. లైటు చిన్న ఎల్ఈడీ చాలు, రోజుకి ఏడెనిమిది గంటలు. ఇక్కడ మీ 53 లీటర్లే అక్కరకొస్తాయి బావి గారూ, నీళ్ళు ఎక్కువుంటే త్వరగా వేడెక్కవు.

మంచినీళ్ళ_బావి
మొత్తానికి ఎక్కువ నీళ్ళే మంచిదని ఒప్పుకున్నారు, సంతోషం. ఫ్యాన్ పెడితే గాజు మూత కుదరదు, మెష్ మూత కావాలి. మూత నాలుగు వైపులా క్లిప్పులతో బిగించాల్సిందే. తడి గాజు మీద ఎర్రపొట్ట అతికించుకుని నిలువునా ఎక్కేస్తాయి, గొంతు మాత్రం టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. గాలి గొట్టం పట్టేంత సందున్నా బయటపడి, సోఫా కింద ఎండిపోయి దొరుకుతాయి. ఫ్యాన్‌తో కూడా థర్మామీటర్ 23 దాటితే నా మాట పాత మాటే.

మోడరేటర్
రూల్స్ అడుగుతూ మెసేజ్‌లు వస్తున్నాయి. 2016 జనవరిలో అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ 201 సాలమాండర్ జాతుల్ని (న్యూట్లు కూడా సాలమాండర్లే) లేసీ చట్టం అనే వన్యప్రాణి చట్టం కింద హానికర జీవుల జాబితాలో పెట్టింది. ఫైర్ బెల్లీ న్యూట్లు అందులో ఉన్నాయి, కాబట్టి విదేశాల నుంచి తెప్పించడం కుదరదు. కారణం బీసాల్ అనే ఫంగస్. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టేసిన ఈ ఫంగస్‌కి 2013లో పేరు పెట్టారు. అమెరికా ప్రధాన భూభాగంలోని రాష్ట్రాల మధ్య రవాణాకి ఆ చట్టం అడ్డు రాదని 2017లో అప్పీళ్ళ కోర్టు తేల్చింది, కానీ రాష్ట్రాల సొంత రూల్స్ వేరుగా ఉంటాయి, చూసుకోండి. ట్యాంకు నీళ్ళు వాగులోనో వాన నీటి కాలువలోనో పోయవద్దు. వాగులో దొరికిన న్యూట్‌ని ఇంటికి తేవద్దు.

ఫ్రిస్కో_నాన్న
గాజు గోడ ప్లాన్ వదిలేశాను. ట్యాంకు సగం ధర సేల్‌లో తీసుకుంటా. స్పాంజ్ ఫిల్టర్, పంపు, క్లోరిన్ విరిచే మందు, అమ్మోనియా టెస్ట్ కిట్, ఫ్యాన్ కలిపితే వందకి కాస్త అటూ ఇటూగా వస్తోంది. ఇసుక ఇల్లు కట్టేచోట అడిగి తెచ్చుకుందామనుకుంటున్నా. నేల విషయంలో పచ్చగడ్డి గారి అర చిన్నది ఒక మూల పెడతా, మెష్‌తో. రెండు వారాలు నీళ్ళ ఉష్ణోగ్రత రాసిపెట్టి ఇక్కడ పోస్ట్ చేస్తా. అది చూశాకే తీసుకోవాలో వద్దో.

పచ్చగడ్డి
కట్టేచోటి ఇసుక వద్దు, అందులో సిమెంటు కలిసుండొచ్చు. పిల్లలు ఆడుకునే ప్లే సాండ్ మూట కొనండి, ఐదారు డాలర్లే. నీళ్ళు తేటపడే దాకా కడగండి.

మంచినీళ్ళ_బావి
పక్కింటివాళ్ళ ట్యాంకులో ఇప్పుడు నడుస్తున్న ఫిల్టర్ స్పాంజ్ అడిగారా? అది మీ దాంట్లో పెడితే బ్యాక్టీరియా సిద్ధంగా వస్తుంది, వారాలు కలిసొస్తాయి.

ఫ్రిస్కో_నాన్న
అడిగానండీ, సంతోషంగా ఇస్తామన్నారు. మరీ మురికిగా ఉందట, కుళాయి కింద శుభ్రంగా కడిగి ఇస్తారట.

మంచినీళ్ళ_బావి
కడగొద్దని చెప్పండి! ఇప్పుడే ఫోన్ చేయండి. ఆ మురికి కోసమే అడిగేది, కుళాయి నీళ్ళ క్లోరిన్‌కి అదంతా చచ్చిపోతుంది.