మ్యూజికల్స్‌లో మాట ఒకవైపు, ట్యూన్ ఇంకోవైపు వెళ్తే కేరెక్టర్‌కి ఏమొస్తుంది?

ప్రశ్న:
మాటలూ ట్యూన్లూ రెండూ రాసే సాండ్‌హైమ్ మ్యూజికల్ (పాటలతో నడిచే స్టేజి నాటకం) 'స్వీనీ టాడ్' (1979) రెండో అంకంలో 'జొహానా' పాట విన్నప్పట్నుంచీ బుర్రలోంచి పోవట్లేదు. మంగలి స్వీనీ టాడ్ తన కూతురు జొహానాని తలుచుకుంటూ అంత మెత్తగా పాడతాడు, చేత్తో మాత్రం గడ్డం గీయించుకోడానికి వచ్చినవాళ్ల గొంతులు వరసపెట్టి కోస్తుంటాడు. ఇదే డైలాగుల్లో పెడితే ఇంత పనిచేసేదా? పాట వల్ల అదనంగా వచ్చేది ఏంటసలు?

జవాబు:
కోపంగా పాడుంటే మామూలు విలన్ అయిపోయేవాడండి. ఆ మెత్తదనం వల్లే కదా మనకి అర్థమయ్యేది, చంపడం అతనికి పగ కూడా కాదిప్పుడు, రోజూ చేసే పని అయిపోయిందని, కూతురు మెల్లగా దూరమైపోతున్నా అతనికి పట్టట్లేదని. మధ్యలో ఒకాయన పెళ్లాం బిడ్డతో వస్తాడు, అతన్ని ఏం చెయ్యకుండా పంపించేస్తాడు, పాట అలా సాగిపోతూనే ఉంటుంది. డైలాగుల్లో ఇదంతా రావాలంటే ఎవరో ఒకరు పక్కన నిలబడి వివరించాలి.

జవాబు:
'జిప్సీ' (1959) అనే మ్యూజికల్ మొదటి అంకం చివర చూడండి. స్టార్‌ని చేద్దామనుకున్న కూతురు జూన్ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, తల్లి రోజ్ ఆ రైల్వే స్టేషన్లోనే రెండో కూతురు లూయీజ్ వైపు తిరిగి 'ఎవ్రీథింగ్స్ కమింగ్ అప్ రోజెస్' ఎత్తుకుంటుంది. జూల్ స్టైన్ ట్యూన్ పండగలా ఉంటుంది, సాండ్‌హైమ్ మాటలన్నీ ఆశే, విడిగా వింటే హుషారొస్తుంది. కానీ స్టేజి మీద లూయీజ్, రోజ్ ప్రియుడు హెర్బీ నోట మాట రాకుండా ఆవిడనే చూస్తుంటారు. వాళ్ల మొహాలు చూస్తూ వింటే అదే పాట భయపెడుతుంది, ఎందుకంటే ఆవిడ అబద్ధం ఆడట్లేదు, నిజంగానే నమ్ముతోంది. నాకైతే ఈ సీన్ తర్వాతే ఏదైనా.

జవాబు:
ప్రతిసారీ ట్యూన్‌కీ మాటకీ గొడవ ఉండక్కర్లేదు. నాజీలు బలపడుతున్న రోజుల్లో బెర్లిన్‌లో జరిగే 'క్యాబరే' (1966) లో 'టుమారో బిలాంగ్స్ టు మీ' మొదటిసారి వెయిటర్లు పాడినప్పుడు ట్యూనూ మాటలూ రెండూ అందంగానే ఉంటాయి. అదే పాట తర్వాత నిశ్చితార్థం పార్టీలో వస్తుంది, పెళ్లికొడుకు యూదుడు, పాడేది నాజీలవైపు వాళ్లు, అతిథులు ఒక్కొక్కరే గొంతు కలుపుతారు. ఇందాక అంత నచ్చిన పాట ఇదా అని మనకే ఇబ్బందిగా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. అంటే స్టేజి మీద ఆ పాట ఎవరు వింటున్నారన్నది కూడా లెక్కే. ఆడియోతోనే సరిపెట్టుకోకుండా 'జిప్సీ' స్టేజి వీడియో వెతుకుతా.