మర్హౌరా నుంచి గినీకి: ఇది ఎవరి ఎగుమతి?

గుంతకల్లు వాసి:
పశ్చిమాఫ్రికాలోని గినీ దేశం కోసం బిహార్‌లోని మర్హౌరా కర్మాగారంలో తయారైన మొదటి డీజిల్ ఇంజన్‌కు 2025 జూన్‌లో ప్రధాని పచ్చజెండా ఊపారు. ఆ కర్మాగారంలో అధిక వాటా అమెరికా సంస్థ వాబ్‌టెక్‌ది. మన రైల్వేకు ఉన్నది చిన్న వాటా మాత్రమే. ప్రభుత్వ ప్రోత్సాహం ఇలాంటి ఎగుమతులకు దక్కాలా, లేక మన సొంత కర్మాగారాలకా? నా మటుకు రెండోదే న్యాయం. పెరంబూరులోని రైల్వే కర్మాగారం ఐసీఎఫ్ 1955 నుంచి రైలు పెట్టెలు తయారు చేస్తోంది, శ్రీలంకకు డెమూ (విడిగా ఇంజన్ అక్కరలేని డీజిల్) రైళ్లు పంపింది. వారణాసి రైల్వే కర్మాగారం ఇంజన్లు మొజాంబిక్‌కు వెళ్లాయి.

తడ రైలుప్రియుడు:
ఆ రెండు దేశాల కొనుగోళ్లకు ఊతమిచ్చింది ఎగుమతులకు అప్పులిచ్చే మన ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు రుణమే. అప్పిచ్చి అమ్మడం తప్పు కాదు గానీ, దాన్ని పోటీలో గెలుపు అనలేం. 2019లో మొదలైన సిడ్నీ మెట్రోకు ఆరేసి పెట్టెల రైళ్లు 22, డ్రైవరు లేకుండా నడిచేవి, మా పక్కనే శ్రీసిటీలో ఉన్న ఫ్రాన్స్ సంస్థ ఆల్‌స్టామ్ కర్మాగారం నుంచి వెళ్లాయి. ఆస్ట్రేలియాకు మన అప్పు అక్కరలేదు. పైగా పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్ల దూరం ఉండే మన బ్రాడ్‌గేజ్ ఇరుగుపొరుగు దేశాలతో పాటు అర్జెంటీనా, చిలీ వంటి కొద్ది చోట్లే ఉంది. చాలా దేశాల్లో వాడే 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు డిజైన్లు సిద్ధంగా ఉన్నది ఎక్కువగా విదేశీ సంస్థల దగ్గరే.

కాజీపేట పాఠకుడు:
మీరిద్దరూ గేటు మీది పేరు గురించి వాదిస్తున్నారు. నేను మాత్రం పెట్టె కింద ఏముందో చూడమంటాను. 2022లో ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలవగానే వందే భారత్ కోసం అక్కడ తయారైన చక్రాలు చిక్కుకుపోయాయి, చివరకు వాటిని రొమేనియాకు చేర్చి విమానంలో తెప్పించుకోవలసి వచ్చింది. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మను ప్రెస్సు కింద అదిమి, రోలింగ్ చేసి, ఉష్ణశుద్ధి జరిపి, లోపల వెంట్రుకవాసి పగులు కూడా లేదని అల్ట్రాసౌండ్‌తో తేల్చుకున్నాకే అది చక్రమవుతుంది. బెంగళూరు దగ్గరి యలహంకలో పోతపోసిన చక్రాలు 1984 నుంచీ తయారవుతున్నా, వేగంగా నడిచే రైళ్లకు ఇలా అదిమి చేసిన ఫోర్జింగ్ చక్రాలే కావాలి. విశాఖ ఉక్కు సంస్థ రాయ్‌బరేలీ జిల్లాలో పెట్టిన చక్రాల కర్మాగారం విలువ అక్కడ తెలుస్తుంది. 2018లో ఐసీఎఫ్ తయారు చేసిన తొలి వందే భారత్‌కు, పై తీగలోని విద్యుత్తును మోటార్లకు తగినట్లు మార్చే కన్వర్టర్ వ్యవస్థను అందించింది హైదరాబాదుకు చెందిన మేధా సంస్థ. నేను గర్వపడే సంగతి ఇది. రాయితీలు ఇచ్చేటప్పుడు చక్రాలు, కన్వర్టర్లు ఇక్కడే తయారు కావాలని, వాటి డిజైన్ హక్కులో మన సంస్థలకు భాగం ఉండాలని షరతు పెట్టాలి.

తడ రైలుప్రియుడు:
షరతులు మరీ బిగిస్తే ఆ ఆర్డర్లు వేరే దేశానికి తరలిపోవా?

కాజీపేట పాఠకుడు:
మర్హౌరా కర్మాగారం వెలిసిందే 2015లో మన రైల్వే 1000 ఇంజన్లకు ఆర్డరు ఇచ్చినందువల్ల. గినీ ఇంజన్లకు పునాది అదే. అంత పెద్ద కొనుగోలుదారు షరతు పెడితే ఏ సంస్థయినా కూర్చుని మాట్లాడుతుంది. అయితే ఆ మాట ఒప్పందంపై సంతకానికి ముందే జరగాలి.