‘ప్రశ్న ఉత్పన్నం కాదు’: ఈ మాట తెలుగులో ఏం చెబుతోంది?

కావలి నుంచి:

సమూహ సభ్యులకు నమస్కారం. శాసనసభలో మన ప్రతినిధులు అడిగే ప్రశ్నలకు మంత్రులు ఇచ్చే లిఖితపూర్వక సమాధానాల్లో పదే పదే కనబడే ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అన్న మాటను చర్చకు పెడుతున్నాను. అది ఎక్కడ సరిగ్గా అతుకుతుందో, ఎక్కడ అడిగినవారి మనసును నొప్పిస్తుందో, ఎందుకు నొప్పిస్తుందో మీ అందరితో కలిసి విచారించాలని నా కోరిక.

ఈ ఆలోచనకు ఒక కారణం ఉంది. మా సొంత ఊరు కందుకూరు వైపు ఒక పల్లె. అక్కడి చెరువు తూము పాడై, వరి పొట్టకొచ్చే వేళకు చెరువు అడుగంటిపోతున్నదని ఆయకట్టు రైతులు నాతో ఒక అర్జీ రాయించారు. ఆ అర్జీ చేతులు మారి, ఒక సభ్యుడి ద్వారా శాసనసభకు ప్రశ్నగా వెళ్ళింది. కొన్నాళ్ళకు జవాబు ప్రతి వచ్చింది. రావిచెట్టు కింద పది మందీ చేరితే నేనే చదివి వినిపించాను. ఊరి పేరు, శాఖ పేరు తీసివేసి ఆ ప్రశ్న ఇక్కడ ఇస్తున్నాను:

(ఎ) ఫలానా గ్రామ చెరువు తూము పూర్తిగా శిథిలమై, నీరు వృథాగా పోవుచున్నదన్నది వాస్తవమేనా;
(బి) అయినట్లయితే, మరమ్మతుకు తీసుకున్న చర్యలు ఏవి;
(సి) ఆ పనులు ఎప్పటిలోగా పూర్తి కాగలవు?

జవాబు రెండు పంక్తులు. (ఎ)కు ‘లేదండి’. (బి), (సి)లకు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’. విన్నవారిలో ఒక పెద్దాయన, ‘ఏందయ్యా, మనం అడిగింది అసలు ప్రశ్నే కాదంటా ఉండారా?’ అన్నారు. నేను మొదటి భాగం కాదంటే తక్కిన భాగాలకు జవాబు అక్కరలేదని దాని భావమని విప్పి చెప్పాను. ఆయన తల ఊపారే గాని, ఆయన ముఖంలో చిన్నబుచ్చుకున్న భావం పోలేదు. సంస్కృతం రాకపోయినా ఆయనకు తోచిన అర్థం తెలుగు నుడికారాన్ని బట్టి తోచిన అర్థమే. అందుకే దాన్ని తోసిపుచ్చకుండా లోతుగా చూడాలనిపించింది.

ముందుగా పదం సంగతి. ఉత్ అనే ఉపసర్గ చేరిన పద్ ధాతువు నుంచి ‘ఉత్పన్నం’ వచ్చింది. ‘ఉత్పత్తి’ కూడా దాని తోబుట్టువే. పుట్టినది, పైకి వచ్చినది అని అర్థం. రసాయన శాస్త్ర పాఠాల్లో పెట్రోలియం ఉత్పన్నాలు అన్నప్పుడు ఇదే మాట నామవాచకంగా నిలుస్తుంది. ఇక ‘కాదు’ దగ్గర చిక్కు మొదలవుతుంది. ‘పని కాదు’ అంటే జరగదు అని ఒక అర్థం, అది పనే కాదు అని మరొక అర్థం. అలాగే ‘ఉత్పన్నం కాదు’ అన్నప్పుడు ‘ఉత్పన్నమవదు’ అని రాసినవారి ఉద్దేశం. చదివేవారి చెవికి మాత్రం ‘కాదు’ అన్న నిరాకరణే ముందు తగులుతుంది.

దీనికి తోడు, పత్రికల భాషలో ‘రాజీపడే ప్రశ్నే లేదు’, ‘వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు’ అన్న వాడుక స్థిరపడిపోయింది. అక్కడ ప్రశ్న అంటే అడిగిన మాట కాదు, అవకాశం. ఆ వాక్యంలో ఉన్నది మొండి పట్టు. ఆ వాడుకకు అలవాటుపడిన చెవికి సభాపత్రంలోని ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ కూడా అదే కరకుతనంతో వినిపిస్తుంది. నిజానికి సభాపత్రంలో అది కేవలం ఒక అన్వయ సూచన. ‘అయినట్లయితే’ అని షరతు పెట్టి అడిగిన భాగానికి ఆ షరతే నెరవేరలేదని చెప్పడం. ఆ పని చేయడానికి ‘వర్తించదు’ అన్న ఒక్క మాట చాలునని నా అభిప్రాయం. వర్తించనిది ఆ భాగం మాత్రమే గాని అడిగినవారి హక్కు కాదన్న సంగతి అందులో స్పష్టంగా ఉంటుంది. మీరేమంటారు?

ఒంగోలు నుంచి:

అయ్యా, నమస్కారం. నేను చాలాకాలం ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ప్రశ్న వచ్చిన రోజు కార్యాలయం తీరే మారిపోయేది. ‘ఎల్‌ఏక్యూ (శాసనసభ ప్రశ్న) వచ్చింది’ అనగానే తక్కిన దస్త్రాలన్నీ పక్కకు జరిగేవి, ఎందుకంటే సభలో జవాబు ఇవ్వవలసిన తేదీ ముందే నిర్ణయమై ఉంటుంది. కింది కార్యాలయం నుంచి సమాచారం ఇంగ్లీషులో వచ్చేది, జవాబు ముసాయిదా కూడా ఇంగ్లీషులోనే తయారయ్యేది, ఆఖరున తెలుగు చేసేవారు. మీరు చెప్పిన మాట అలా మాటకు మాట తెచ్చుకున్నదే. ‘ప్రశ్న తలెత్తదు’ అని రాస్తే బాగుంటుందని ఒకసారి నేను అన్నాను. పాత ప్రతుల్లో ఎలా ఉంటే అలాగే ఉంచమన్నారు.

అయితే మీరు మొదటి భాగానికి వచ్చిన ‘లేదండి’ని చూడకుండా దాటిపోయారు. నా దృష్టిలో అసలు లోపం అక్కడుంది. ‘వాస్తవమేనా?’ అని అడిగితే తెలుగువాడు ‘కాదు’ అంటాడు. ‘ప్రతిపాదన ఉన్నదా?’ అని అడిగితే ‘లేదు’ అంటాడు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట గనుక, తెలుగు చేసేటప్పుడు రెండు చోట్లా ‘లేదండి’ పడిపోతుంది. ఉనికిని కాదనడానికి ఒక మాట, గుర్తింపును కాదనడానికి మరొక మాట ఉన్న భాష మనది. ఆ తేడాను పోగొట్టుకుంటే మంత్రిగారు దేన్ని నిరాకరించారో తెలియకుండా పోతుంది. తూము పాడవలేదా, నీరు పోవడం లేదా, లేక పాడైన మాట నిజమే గాని ‘పూర్తిగా’ కాదనా? మీ ఊరి జవాబులో ఈ మూడింటిలో ఏది ఉందో ఆ ఒక్క ‘లేదండి’ని బట్టి ఎవరూ చెప్పలేరు.

ఇంకొక మాట. ‘సమాధానం’ అన్న పదం మీద కూడా మనవాళ్ళు ఆలోచించాలి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడినప్పటి నుంచీ ఇక్కడ క్రైస్తవ మందిరాల్లో వినబడుతున్న తెలుగులో సమాధానం అంటే శాంతి. మా ఇంట్లో ఇప్పటికీ అదే మొదటి అర్థం. ‘సమాధానపడ్డారు’ అంటే రాజీకి వచ్చారని ఊళ్ళో ఎవరైనా చెబుతారు. అడిగినవారి మనసు కుదుటపరిచేదే సమాధానమని ఆ మాటలోనే ఉంది. జవాబు ఎలాగైనా ఇవ్వవచ్చు. సమాధానం అని పేరు పెట్టినప్పుడు మాత్రం అంతకు తగినట్టు ఉండాలని నా ఆశ.

ఉదయగిరి నుంచి:

పెద్దలిద్దరికీ నమస్కారం. మాటలు మారిస్తే సరిపోతుందా అని నా సందేహం. నీళ్ళు నమలదలచుకున్నవారు ‘వర్తించదు’ అని కూడా నమలగలరు. ద్రౌపది నిండు సభలో అడిగిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని చెప్పి ఊరుకున్నాడు. సభకు వచ్చిన ప్రశ్నకు బదులు చెప్పకుండా కూర్చున్న సభ్యులకు పాపంలో పాలు ఉంటుందని విదురుడు హెచ్చరించవలసి వచ్చింది. అక్కడ మాటల కొరత లేదు గదా.

ఇలా సభల్లో అలవాటుగా స్థిరపడిన మాటలు మార్చడం వృథా అని మాత్రం నేను అనను. మన జిల్లాలోనే పుట్టి, మా ఉదయగిరి నుంచి 1978లోనూ 1983లోనూ శాసనసభకు ఎన్నికైన వెంకయ్యనాయుడుగారు, రాజ్యసభ అధ్యక్ష స్థానంలోకి వచ్చాక, 2017 డిసెంబరులో మంత్రులు పత్రాలను సభ ముందుంచేటప్పుడు పరపాలన కాలపు అలవాటుగా చెప్పే ‘వేడుకుంటున్నాను’ అన్న మాటను విడిచిపెట్టమని సూచించారు. స్వతంత్ర దేశపు సభలో ఎవరూ ఎవరినీ వేడుకోనక్కరలేదని ఆయన భావం. ఒక్క మాట తీసివేస్తే పాలన మారిపోదు గాని, ఎవరు ఎవరికి జవాబుదారో ఆ మాట చెబుతుంది.

కావలి నుంచి మళ్ళీ:

ఒంగోలు అమ్మా, ‘కాదు’, ‘లేదు’ల తేడా చూపి మీరు నా కళ్ళు తెరిపించారు. మీ మాట చదివాక ఆ ప్రతిని మళ్ళీ తీసి చూశాను. ‘పూర్తిగా’ అన్న మాట సభ్యుడు చేర్చింది కాదు, నా అర్జీలోనిది. తూము గోడ ఒక పక్క కూలి, తలుపు తుప్పుపట్టి సగం దాకే దిగుతున్నది. ఆ సగం సందులోంచి రాత్రింబవళ్ళు నీరు పోతున్నది. రైతులు బాధతో ‘తూము మొత్తం పోయింది’ అన్నారు. నేను వారి బాధను అక్షరాల్లో పెట్టాలనుకుని ‘పూర్తిగా శిథిలమై’ అని రాశాను. తూము పూర్తిగా శిథిలం కాలేదన్నది నిజమే గనుక, జవాబు రాసినవారికి నా విశేషణమే ఆధారమై ఉండవచ్చు. ఆ ఒక్క మాట మీద (బి), (సి) రెండూ ఒరిగిపోయాయి.

అందువల్ల అడిగేవారి తెలుగు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. తెలుగులో ప్రశ్న రెండు విధాలుగా పుడుతుంది. వాక్యం చివర ‘ఆ’ చేర్చి అడగడం ఒకటి: అయిందా, ఉన్నదా, వాస్తవమేనా. ఎవరు, ఎంత, ఎప్పుడు, ఎక్కడ, ఏది అని అడగడం రెండవది. మొదటి రకానికి అవునో కాదో అంటే ఆ ప్రశ్న తీరిపోయినట్టే. రెండవ రకానికి ఏదో ఒక వివరం చెప్పక తప్పదు. పైగా ‘వాస్తవమేనా’లో ఉన్న ఏకారం అవధారణార్థకం, అంటే నొక్కి చెప్పేది. చెప్పిన దానిలో ప్రతి మాటా నిలబడితే గాని అవునని అనలేని బిగువు దానిలో ఉంది. మన సభల్లో ప్రశ్న మొదటి భాగం ‘వాస్తవమేనా’ అని అడగడం ఆనవాయితీ అయింది. దాని వెనువెంటే ‘అయినట్లయితే’ వస్తుంది. అడిగినవారే గొలుసు కట్టి, మొదటి కొక్కేన్ని జవాబిచ్చేవారి చేతిలో పెడుతున్నారు.

ప్రశ్నలో వాదన ఉండకూడదని, ఊహలు, వ్యంగ్యం, నిందలు, విశేషణాలు ఉండకూడదని సభా నియమాలే చెబుతున్నాయి. లోక్‌సభలో ప్రశ్న సాధారణంగా 150 పదాలు దాటరాదు. ఇది అడిగేవారి నోరు కట్టడానికని మొదట అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే, విశేషణం తగ్గిన కొద్దీ తప్పించుకునే దారి కూడా తగ్గుతుందని అర్థమవుతోంది.

సభలో నోటితో జవాబు వచ్చే ప్రశ్నలకు ఇంకొక రక్షణ ఉంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి నిలబడి జవాబు చెప్పాలి; దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేనిదానికి కాగితం మీద జవాబు వస్తుంది, అంతే. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 వరకు ఉంటాయి. ఆ 20లో కూడా ప్రశ్నోత్తరాల గంటలో పిలుపు అందనివి రాతపూర్వక జవాబులుగానే మిగిలిపోతాయి. మా ఊరి ప్రశ్న నోటి జవాబుకు వచ్చి ఉంటే ‘పూర్తిగా కాకుంటే ఎంత మేరకు?’ అన్న ఒక్క అనుబంధ ప్రశ్నతో సంగతి తేలిపోయేది. ఈ అనుబంధ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. 1892 చట్టంతో మన దేశంలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు దొరికినా, జవాబు మీద తిరిగి అడిగే వీలు 1909లో గాని రాలేదు. అదీ మొదట అడిగిన సభ్యుడికి మాత్రమే. తిరిగి అడగడంలో ఎంత బలం ఉందో 1957లో జీవిత బీమా సంస్థ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలు కొన్న వ్యవహారంలో దేశమంతా చూసింది. లోక్‌సభలో ప్రశ్న మీద ప్రశ్నగా సాగి, సభ్యుడు ఫిరోజ్ గాంధీ పట్టుదలతో న్యాయమూర్తి చాగ్లా విచారణ దాకా వెళ్ళి, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాతో ముగిసింది.

ఉదయగిరి సోదరుడి సందేహానికి ఒక్క మాట. దాటవేయదలచినవారిని పదం ఆపలేదు, నిజమే. కానీ కొన్ని మాటలకు సభలో చట్టంలాంటి బరువు ఉంది. మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘వివరాలు సేకరించి సభ ముందుంచుతాం’ అంటే దాన్ని హామీగా లెక్కించి, నెరవేరిందో లేదో వెంటబడి చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉన్నది. లోక్‌సభలో అలాంటి హామీకి మూడు నెలల గడువు. ‘ఉత్పన్నం కాదు’ అన్న మాట ఏ కమిటీ ముందుకూ వెళ్ళదు. కనుక ఏ మాట రాబట్టగలమన్నది మనం అడిగే తీరులో కూడా ఉంది. యక్షప్రశ్నలను తెలుగు చేసిన ఎఱ్ఱన మన ప్రాంతపువాడే. యక్షుడు అడిగినవాటిలో చాలావరకు ఏది, ఎవరు, దేనివల్ల అన్న తీరువే. అందుకే ధర్మరాజు అవును, కాదు అని తేల్చివేయలేక ఒక్కొక్కదానికీ సూటిగా బదులు చెప్పవలసి వచ్చింది.

వచ్చే సమావేశాలకు పంపమని కొత్తగా రాసి పెట్టుకున్న ప్రశ్న ఇది. ‘తలుపు’ అన్న మాటకు నీటిపారుదలవారు వాడే సరైన తెలుగు మాట వేరే ఉంటే చెప్పండి, మార్చి పంపుతాను.

(ఎ) ఫలానా గ్రామ చెరువు తూమును చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు; అప్పుడు గోడ, తలుపు ఏ స్థితిలో ఉన్నట్లు నమోదు చేశారు;
(బి) గత మూడేళ్ళలో ఆ తూము మరమ్మతుకు ఏ సంవత్సరంలో ఎంత మొత్తం ఖర్చు చేశారు;
(సి) ఆ చెరువు కింద ఆయకట్టు ఎన్ని ఎకరాలు. అందులో గత పంటకు నీరు అందినది ఎన్ని ఎకరాలకు?