పక్షవాతం తర్వాత నాన్నకు నీళ్లు తాగితే పొలమారుతోంది

ప్రశ్న: కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నిన్నే డిశ్చార్జ్ చేశారు. మెత్తటి ఇడ్లీ తింటున్నారు, మంచినీళ్లకే దగ్గొస్తోంది. ఎలా పట్టాలండీ?

జవాబు: నీళ్లు పల్చన కదా, గొంతు మూసుకునేలోపే శ్వాసనాళంలోకి జారతాయి. స్పీచ్ థెరపిస్టు మింగుడు పరీక్ష చేసేదాకా గ్లాసుతో, స్ట్రాతో పట్టకండి. నీళ్లు చిక్కబరిచే పొడి మందుల షాపుల్లో దొరుకుతుంది, ఎంత చిక్కగా కలపాలో మాత్రం థెరపిస్టే చెప్పాలి. రాగిజావ సురక్షితమనుకుంటారు గానీ ఉండలు కడితే అదీ ప్రమాదమే. పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక 30 నిమిషాలు పడుకోబెట్టొద్దు. కుడి బుగ్గలో మెతుకులు నిలిచిపోతాయి, మెత్తటి బ్రష్‌తో తీసేయండి.

జవాబు: కొందరికి నీళ్లు శ్వాసనాళంలోకి పోయినా దగ్గు రాదు. తాగాక గొంతు గరగరలాడినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు: బీపీ మాత్ర నూరి ఇవ్వొచ్చా?

జవాబు: అట్ట మీద ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఎల్ అని ఉంటే అది మందును నెమ్మదిగా వదిలే మాత్ర, నూరొద్దు, నూరితే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. అలాగని మానేయకండి, ఈరోజే డాక్టర్ని అడిగి మార్పించుకోండి.

జవాబు: ఇంకోటి, లేపేటప్పుడు కుడి చెయ్యి పట్టి లాగొద్దు. కండరాల పట్టు ఉండదు, భుజం కీలు జారుతుంది.